ఆరేళ్లు వాడిన ఎస్‌ఎస్‌డీ గురించి, "కంప్యూటర్ స్లో అయిందిరా" అని ఫోన్ చేసే మావాళ్లందరికీ

నేను చదివింది బీకాం, చేసేది లెక్కలు రాసే ఉద్యోగం, కానీ ఎప్పుడో మా అత్తయ్య వాళ్ల ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం బయటికి లాగిన పాపానికి చుట్టాలందరికీ కంప్యూటర్ డాక్టర్‌నైపోయాను. వైఫై పడకగదిలోకి ఎందుకు రాదు, ఫోన్ నిండిపోయిందంటోంది ఏం చెయ్యాలి, యాంటీవైరస్ డబ్బు కట్టమంటోంది కట్టాలా, ఇలా ఆదివారం వచ్చిందంటే ఫోన్లే ఫోన్లు. వాటిల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న. పోయిన నెల తెనాలి నుంచి మా బాబాయి చేశాడు.

"ఒరేయ్, దీనికి వయసైపోయిందిరా. ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. కొత్తది కొనేయమంటావా?"

"ఆగు బాబాయ్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు."

"ఎస్కేప్ ఎక్కడ ఏడ్చింది?"

"పైన, ఎడమచేతి చివర. చిన్న డబ్బా వస్తే కింద మోర్ డిటైల్స్ అని ఉంటుంది, అది నొక్కు. డిస్క్ అన్న చోట ఎంతుంది?"

"నూరు. రంగు మారింది కూడా."

"మెమరీ?"

"యాభై ఎనిమిది."

"అయితే కొత్తది వద్దు, ఎస్‌ఎస్‌డీ వేయించు."

ఎస్‌ఎస్‌డీ అంటే విండోసూ ఫైళ్లూ దాచుకోవడానికి హార్డ్ డిస్క్ బదులు వేసే డిస్క్. డిస్క్ దగ్గర నూరు అంటే పాత హార్డ్ డిస్క్ నూటికి నూరు శాతం పనిలో మునిగిపోయి మిగతావాటిని ఆపేస్తోందని. ఫోన్‌లో ఇంతకంటే చెప్పలేను కాబట్టి, ఎందుకు వేయించుకోవాలో, నాకు ఆరేళ్లలో ఏం ఒరిగిందో, ఎక్కడ దెబ్బ తిన్నానో ఇక్కడ రాస్తున్నాను. ఇక నుంచి ఎవరడిగినా ఇదే పంపిస్తా.

నా లాప్‌టాప్ 2015 నాటిది, ఇంటెల్ ఐ3 ఐదో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (ఆ డబ్బాలో మెమరీ అని కనబడేది ఇదే), నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. 2020లో అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యేసరికి దాని బండారం బయటపడింది. తొమ్మిదింటి క్లాసుకి ఎనిమిదిన్నరకే ఆన్ చేసి పెట్టాల్సి వచ్చేది. నేను వాచీ పెట్టుకుని చూశాను, బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకునేదాకా 3 నిమిషాల 10 సెకన్లు. ఆ జూన్‌లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి మాస్కు పెట్టుకుని వెళ్లి క్రూషల్ కంపెనీ ఎంఎక్స్500 అనే 500 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చాను, ఐదు వేల చిల్లర అయింది.

బిగించడం మాత్రం ఒక పూట తినేసింది. మరలన్నీ విప్పి, ఏది ఎక్కడిదో తెలియడానికి ఫ్రిజ్‌లోని ఐస్ ట్రే గుంటల్లో వరసగా వేసుకున్నాను. అడుగు మూత ఎంత లాగినా రాదే! పాత ఏటీఎం కార్డు సందులో దూర్చి చుట్టూ తిప్పితే మూడు వైపులా టప్ టప్ అని ఊడింది, నాలుగో వైపు బిగుసుకుని కూర్చుంది. ఇంకాస్త బలంగా లాగితే మూత విరిగేదే. చివరికి చూస్తే డీవీడీ డ్రైవ్ తీసేస్తే గానీ కనబడని మర ఒకటి ఆ మూలన దాక్కుని ఉంది. అందుకే బాబాయికి చెప్పేది, నువ్వు విప్పకు, షాపులో వేయించు, కానీ వాళ్ల ముందే కూర్చో.

పాత డిస్క్‌లో ఉన్నదంతా మక్కీకి మక్కీ ఎక్కించుకోవచ్చు, దానికి డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించే కేబుల్, కాపీ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. నేను అలా చెయ్యలేదు, ఐదేళ్ల చెత్తని కొత్త ఇంట్లోకి మోసుకెళ్లడం ఎందుకని విండోస్ కొత్తగా వేసుకున్నాను. పాత డిస్క్‌ని యూఎస్‌బీతో తగిలించుకునే ఓ కేసింగ్‌లో పెట్టుకుంటే అదే బ్యాకప్ డిస్క్ అయింది.

మళ్లీ వాచీ పెట్టాను. 22 సెకన్లు. అమ్మాయి నమ్మలేదు, రెండుసార్లు ఆపి ఆన్ చేసింది.

ఇంత తేడా ఎందుకంటే, హార్డ్ డిస్క్ అంటే మండలాఫీసు రికార్డు రూములో అటెండరు లాంటిది. ఒక్క పెద్ద కట్ట తెమ్మంటే బాగానే తెస్తాడు, కానీ విండోస్ తెరుచుకునేటప్పుడు అడిగేది వేల చిన్న చిన్న కాగితాలు, ఒక్కోటీ ఒక్కో బీరువాలో, ప్రతిదానికీ లోపలున్న ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమూ లేదు, పరిగెత్తే ముల్లూ లేదు, అంతా చిప్పులే. కాగితం మీద లెక్క చూస్తే ఈ సాటా రకం (పాత హార్డ్ డిస్క్ తగిలే కనెక్షన్‌తోనే పనిచేసేది) సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, నా పాత డిస్క్ 100 దగ్గర ఆగేది, అంటే ఐదింతలే. కానీ చిన్న ఫైళ్ల దగ్గర తేడా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, మనకి తెలిసేది అక్కడే.

ర్యామ్ పెంచితే చాలదా అని చాలామంది అడుగుతారు. మెమరీ దగ్గర 90 చూపిస్తుంటే అవును, అదీ కావాలి. నేను మరుసటి ఏడాది 4 తీసి 8 జీబీ వేశాను. డిస్క్ దగ్గర నూరు ఉంటే మాత్రం ముందు డిస్కే. ఇంకోటి, 500 అని కొంటే విండోస్‌లో 465 చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని మా బావగారు గొడవకి బయల్దేరితే ఆపాల్సి వచ్చింది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, ఎవరూ ఏమీ తినలేదు.

ఇక దెబ్బ సంగతి. దీనికంటే ముందే, 2018లో, ఇంట్లో డెస్క్‌టాప్‌కి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని పేరూ ఊరూ లేని 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేశాను. 14 నెలలు బంగారంలా పనిచేసింది. ఒక పొద్దున ఆన్ చేస్తే అసలు డిస్కే లేదంది. హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టక్ టక్ అని మూలుగుతుంది, ఫైల్ తెరవడానికి మొరాయిస్తుంది, జాగ్రత్తపడటానికి నాలుగు రోజులు టైమిస్తుంది. ఇది నిన్న రాత్రిదాకా నవ్వుతూ మాట్లాడి పొద్దున్నే లేకుండా పోయింది. అందులో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలు మొత్తం ఉన్నాయి. వారంటీలో కొత్తది పంపారు, కాదనను, కానీ ఫోటోలు ఎవరు పంపుతారు? చుట్టాల వాట్సాప్‌లన్నీ వెతికి సగం పోగుచేశాను. అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

ఆ దెబ్బతోనే ఇప్పుడు నెలకోసారి, జీతం పడ్డ రోజు, కేసింగ్‌లోని పాత డిస్క్ తగిలించి ఫోటోలూ కాగితాలూ కాపీ చేస్తాను. ఎస్‌ఎస్‌డీలో పొరపాటున తుడిచేసింది వెనక్కి రప్పించడం కూడా చాలా కష్టం, ఖాళీ అయిన చోటుని అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. పాత అలవాటుతో డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లని ఒకచోటికి సర్దడం) చెయ్యకండి, అనవసరంగా అరుగుతుంది తప్ప లాభం లేదు.

అరగడం అంటే భయపడకండి. నా ఎంఎక్స్500కి కంపెనీ ఇచ్చిన హామీ 5 ఏళ్లు లేదా 180 టెరాబైట్లు (ఒక్కోటి వెయ్యి జీబీ) రాసేదాకా, ఏది ముందైతే అది. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అని ఉచితంగా దొరికేదాంట్లో చూస్తే, ఆరేళ్లకి నేను రాసింది 31 టెరాబైట్లు, ఆరోగ్యం 82 శాతం. హామీ గడువు తీరిపోయింది, డిస్క్ మాత్రం తొణకలేదు. కరెంటు పోయి అకస్మాత్తుగా ఆగిపోయిన సందర్భాలు కూడా లేకపోలేదు, ఎందుకంటే బ్యాటరీ 2022లోనే పోయింది, ఛార్జర్ పీకితే ఠక్కున ఆరిపోతుంది.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. పాత లాప్‌టాప్‌లకి చాలావరకు సరిపోయేది 2.5 అంగుళాల సాటా. బబుల్‌గమ్ పట్టీలా సన్నగా ఉండే ఎం.2 రకం చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ దానికి వేరే గుంట ఉండాలి, ఆ గుంట ఉన్నా అది సాటాదా, ఇంకా వేగంగా ఉండే ఎన్‌వీఎంఈ రకానిదా అన్నది మళ్లీ చూడాలి. బాబాయి పక్కింటాయన అలాగే ఒకటి కొని బీరువాలో దాచుకున్నాడట.

ఎస్‌ఎస్‌డీ చెయ్యలేనివీ ఉన్నాయి. వీడియో కాల్‌లో ఇప్పటికీ ఫ్యాన్ విమానంలా మోగుతుంది, ఆ ప్రాసెసర్ బతుకంతే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది, ఎనిమిదో తరం కంటే ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లకి, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. నేను 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపులో చేరాను, ఆ తర్వాత విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసేద్దామని ఉంది. బాబాయిది తొమ్మిదో తరం ప్రాసెసర్, ఆయనకి ఈ టెన్షన్ లేదు.

ఇప్పుడు నా లాప్‌టాప్ తెరకి ఎడమవైపు హింజ్ విరిగింది, తెర నిలబడటానికి వెనకాల ఆవకాయ జాడీ ఆన్చి పెడుతున్నాను. అది పూర్తిగా కూలిన రోజున ఆ ఎస్‌ఎస్‌డీని ఊడదీసి కేసింగ్‌లో పెట్టుకుంటాను, ఆ దాక్కున్న మర ఎక్కడుందో ఈసారి నాకు తెలుసు.