బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? సెట్టింగ్స్ ఎక్కడ మార్చాలో ముందే చూసుకోండి

ఫొటోలు, డాక్యుమెంట్లు బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి డబ్బు కట్టి కొన్నాను. పేరు చెప్పను, ఈ తీరు ఒక్క కంపెనీదే కాదు. 'మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు' అని ప్రకటన. తీరా సెట్టింగ్స్ నొక్కితే తెరుచుకున్నది నోట్‌ప్యాడ్, అందులో ఒక యామల్ (YAML, సెట్టింగ్స్‌ని మామూలు అక్షరాల్లో రాసిపెట్టే పద్ధతి) ఫైలు! ఏ ఫోల్డర్లు తీసుకోవాలో, ఎప్పుడు తీసుకోవాలో అన్నీ అక్కడే టైప్ చేయాలి.

యామల్‌లో లైను ముందు వదిలే ఖాళీకి కూడా అర్థం ఉంటుంది. ఆ ఖాళీ స్పేస్‌లతోనే ఉండాలి, ట్యాబ్ పడితే చెల్లదు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇలాంటిదే ఇంకో పద్ధతి జేసన్ (JSON), ఆ ఫైలైనా గొప్పేం కాదు. చివర కామా ఒకటి ఎక్కువైతే ఒప్పుకోదు, విండోస్ ఫోల్డర్ల మధ్య వచ్చే బ్యాక్‌స్లాష్‌ని రెండేసి సార్లు రాయాలి.

సరే, ఇవన్నీ నేర్చుకోవచ్చు. నాకు ఒళ్లు మండింది వేరే చోట. ఫైలులో ఎక్కడో ట్యాబ్ ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ ఆ మాట చెప్పలేదు. ఫైలు మొత్తాన్ని పక్కన పెట్టేసి, డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో పని కానిచ్చేసి, 'బ్యాకప్ పూర్తయింది' అని పచ్చ టిక్కు పెట్టింది. నా ఫొటోల ఫోల్డర్ అందులో లేనే లేదు. సపోర్ట్ వాళ్లని అడిగితే లాగ్ ఫైలు (సాఫ్ట్‌వేర్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా) చూడమన్నారు. ఒక ఫైలు అర్థంకాక అడిగినవాడికి ఇంకో ఫైలు చేతిలో పెట్టడమన్నమాట.

ఫైలు ఉండటం తప్పు కాదు. చాలా కంప్యూటర్లలో ఒకే సెట్టింగ్ పెట్టాల్సినవాళ్లకు అదే సుఖం. ప్రోగ్రామర్లు కోడ్ రాసుకోవడానికి చేసిన వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కూడా జేసన్ ఫైలుతో పాటు మామూలు సెట్టింగ్స్ పేజీ ఉంది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు అమ్మేదాంట్లో ఫైలు తప్ప వేరే దారి లేదంటే, సగం పని కొన్నవాళ్ల నెత్తిన వేసి అమ్ముతున్నట్టే.

కొనేముందు వాళ్ల హెల్ప్ పేజీ చదవండి. మొదటి మెట్టులోనే 'ఈ ఫైలు తెరవండి' అని ఉంటే ఆగి ఆలోచించండి. ట్రయల్ ఇస్తే ఆ ఫైలులో కావాలనే ఒక తప్పు పెట్టి చూడండి. ఏ లైనులో తప్పుందో చెబితే ఫర్వాలేదు, ఏమీ ఎరగనట్టు నడిచిపోతే వదిలేయండి. అప్‌డేట్ వచ్చినప్పుడు మీరు రాసుకున్న ఫైలు ఉంటుందా, పోతుందా అని కూడా అడగండి.

ఇప్పటికే కొన్నవాళ్లు టిక్కును నమ్మకండి. రీఫండ్ గడువు దాటకముందే బ్యాకప్ నుంచి ఒక ఫొటో వెనక్కి తెచ్చుకుని, తెరిచి చూసుకోండి.