పాత ల్యాప్‌టాప్ స్క్రీన్‌తో రెండో మానిటర్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మదర్‌బోర్డు పోయిన ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి కంట్రోలర్ బోర్డు (కంప్యూటర్ నుంచి వచ్చే బొమ్మని స్క్రీన్‌కి అందించే చిన్న సర్క్యూట్) తగిలించి రెండో మానిటర్‌గా వాడుతున్నాను. ఏళ్లు గడిచాయి, రోజువారీ పనంతా దాని పక్కనే. పాత ల్యాప్‌టాప్ అటక మీద ఉన్నవాళ్లు దాన్ని తుక్కుకి వేసే ముందు ఒకసారి స్క్రీన్ సంగతి చూడమని గట్టిగా చెప్తాను.

ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా, కేబుల్ పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. మామూలు ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టులోంచి బొమ్మ బయటికి పోతుందే తప్ప లోపలికి రాదు. ల్యాప్‌టాప్ బతికే ఉంటే విండోస్‌లోని వైర్‌లెస్ డిస్‌ప్లే ఫీచర్‌తో వైఫై మీద స్క్రీన్ పంపుకోవచ్చు. ఏదైనా చదువుకోవడానికి ఫర్వాలేదు, టైపింగ్‌కి మాత్రం ఆ ఆలస్యం చిరాకు పెడుతుంది.

అసలు విషయం ప్యానెల్ (మూతలో ఉండే అసలు స్క్రీన్ పలక) వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. నాది ఎల్‌జీ ఎల్‌పీ156డబ్ల్యూఎఫ్6: 15.6 అంగుళాలు, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం), 1920 × 1080 పిక్సెళ్లు అంటే ఫుల్ హెచ్‌డీ, 30 పిన్నుల ఈడీపీ (ప్యానెల్‌కి బొమ్మ చేరవేసే కొత్త పద్ధతి) కనెక్టర్. కంట్రోలర్ బోర్డు అమ్మేవాళ్లకి స్టిక్కర్ మీది మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. దాన్ని బట్టే వాళ్లు బోర్డులో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు, కేబుల్ ఇస్తారు. అంతకుముందు పద్ధతైన ఎల్‌వీడీఎస్ ప్యానెల్‌కి ఇచ్చే బోర్డు ఈడీపీకి పనికిరాదు. మరీ పాతకాలం స్క్రీన్లలో ఎల్‌ఈడీ బదులు సన్నని ట్యూబ్ వెలుగుతుంది, దానికి కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ అనే చిన్న సర్క్యూట్‌లో వందల వోల్టులు ఉంటాయి. వాటి జోలికి వెళ్లొద్దు.

నేను ప్యానెల్‌ని మూతలోంచి బయటికి తీయలేదు. బ్యాటరీ కనెక్టర్ పీకేసి, మూతని హింజ్‌లతో సహా విడదీసి, ఆ హింజ్‌లనే ఒక ప్లైవుడ్ చెక్కకి స్క్రూలతో బిగించాను. స్క్రీన్ వంపు మార్చుకోవచ్చు, ప్యానెల్ అంచులకి రక్షణా ఉంటుంది. బోర్డు మూత వెనక ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. బోర్డు, కేబుల్, బటన్ల పట్టీ, 12 వోల్టుల అడాప్టర్ అన్నీ కలిపినా కొత్త పోర్టబుల్ మానిటర్ ధరలో సగం కూడా కాలేదు.

అక్షరాల స్పష్టత దగ్గరే దీని విలువ తెలుస్తుంది. అంగుళానికి సుమారు 141 పిక్సెళ్లు. అదే ఫుల్ హెచ్‌డీ 27 అంగుళాల మానిటర్‌లో 82 దాకానే. తెలుగు ఒత్తులు, గుడి, సున్నాలు చిన్న సైజులోనూ విడివిడిగా కనిపిస్తాయి. ప్రూఫ్ చూసే పనంతా అందుకే దీని మీదికి మార్చుకున్నాను. దీన్ని నిలువుగా తిప్పి బిగించుకుంటే ఇంకా బాగుండేది, హింజ్‌లు ఉండటంతో ఆ వీలు లేదు.

కరెంటు పోయినప్పుడు ఇంకో లాభం తెలిసింది. బోర్డుకి కావలసింది 12 వోల్టులే కాబట్టి, వైఫై రూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ మీద ఇది హాయిగా నడుస్తుంది. ఎండాకాలం కోతల్లో పని ఆగలేదు.

ఇక ఇబ్బందులు. ప్యానెల్ చెక్కుచెదరలేదు, సతాయించింది కేబుల్. ప్యానెల్ దగ్గర కనెక్టర్ కాస్త వదులై అడ్డదిడ్డంగా గీతలు వచ్చేవి, ఒక్కోసారి స్క్రీన్ మినుకుమనేది. పవర్ తీసేసి, కనెక్టర్‌ని సరిగా కూర్చోబెట్టి, వేడికి ఊడని కాప్టన్ టేప్ వేశాక ఆ టెన్షన్ తీరింది. బోర్డులో బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెనక వెలిగే లైటు) వేగంగా ఆరి వెలుగుతుంది. ఫోన్ కెమెరాలో చూస్తే చారలు కనిపిస్తాయి, రాత్రిళ్లు నాకు కళ్లు లాగేవి. ఇప్పుడు బ్రైట్‌నెస్ సగానికి పైనే ఉంచి, గదిలో లైటు వేసుకుంటున్నాను. కరెంటు పోయి వచ్చాక బటన్ నొక్కితే గానీ బోర్డు మేలుకోదు. స్పీకర్లు లేవు. కొత్త మానిటర్ పక్కన పెడితే తెలుపు కొంచెం పసుపు తిరిగినట్టుంటుంది కాబట్టి ఫొటోల రంగులు దిద్దే పనికి దీన్ని నమ్మను.

మీ దగ్గరున్నది 1366 × 768 పిక్సెళ్ల టీఎన్ (ఐపీఎస్ కాని చవక రకం) ప్యానెల్ అయితే మాత్రం బోర్డుకి డబ్బు పెట్టమని చెప్పను. పక్కకి జరిగితే రంగులు మారిపోతాయి, రెండు విండోలు పక్కపక్కన పెట్టుకునేంత చోటూ ఉండదు. ఐపీఎస్, ఫుల్ హెచ్‌డీ అని తేలితే ఆలోచించకుండా బోర్డు తెప్పించుకోండి.