జాగ్రత్త: ఇంజన్ మార్చిన 1982 ఫెరారీ 400ఐకి బయానా కట్టేముందు

అరిజోనాలోని ఫీనిక్స్ శివార్లలో అమ్మకానికి పెట్టిన 1982 నాటి ఫెరారీ 400ఐ గురించి మన తెలుగువారెవరైనా విచారిస్తూ ఉంటే, డబ్బు పంపేముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. వెండి రంగు, చక్రాల మీద బాగా ఉబ్బిన వెడల్పు మడ్‌గార్డులు, లేత గోధుమరంగు తోలు సీట్లు, బానెట్ కింద అసలు పన్నెండు సిలిండర్ల ఇంజన్ స్థానంలో షెవర్లే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, ఇవీ దాని గుర్తులు. అమ్మకందారు పేరు రాయడం నా ఉద్దేశం కాదు. కారును పోల్చుకోవడానికి ఈ గుర్తులు చాలు.

నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాను. ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా వారు గీసిన ఈ నలుగురు కూర్చునే కారు మీద నాకు చాలా ఏళ్లుగా మోజు. 1979 నుంచి 1985 వరకు సుమారు 1,300 మాత్రమే తయారయ్యాయి, అమెరికాలో కంపెనీ వీటిని అధికారికంగా అమ్మనే లేదు. ఇక్కడ కనిపించేవన్నీ ఎవరో ఒకరు సొంతంగా యూరప్ నుంచి తెప్పించుకున్నవే. 4.8 లీటర్ల ఆ ఇంజన్‌ను విప్పి మళ్లీ కూర్చడానికయ్యే ఖర్చు ఒక్కోసారి కారు విలువనే మించిపోతుంది కనుక, పెద్ద రిపేరు రాగానే దాన్ని దించేసి చవకైన అమెరికన్ ఇంజన్ ఎక్కించిన యజమానులు ఉన్నారు. అలాంటి కార్లు తక్కువ ధరకు దొరుకుతాయి. నన్ను లాగింది ఆ తక్కువ ధరే, అందులో దాపరికం లేదు.

ఫోనులో అమ్మకందారు చెప్పినవన్నీ సగం సగం నిజాలు. ఈ మోడల్ ఆటోమేటిక్ కార్లలో ఫెరారీ కంపెనీయే జనరల్ మోటార్స్ (షెవర్లే వారి మాతృసంస్థ) వారి మూడు గేర్ల గేర్‌బాక్స్ వాడింది కాబట్టి, అదే సంస్థ ఇంజన్‌ను కూడా కలపడంలో తప్పేమీ లేదన్నాడు. మన భాషలో చెప్పాలంటే మేనరికమే కదా అన్న ధోరణి. గేర్‌బాక్స్ సంగతి నిజమే కావడంతో మిగతాదీ నిజమే అనిపించింది. పైగా అసలు ఇంజన్‌ను కూడా కారుతోపాటే ఇస్తాననీ, కావాలంటే ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చనీ అన్నాడు. ఆ మాట విని, చూశాక నచ్చకపోతే వాపసు ఇస్తానన్న నోటిమాట మీద, 4,000 డాలర్ల బయానా బ్యాంకు నుంచి నేరుగా బదిలీ చేశాను. కాగితం మీద ఒక్క ముక్క కూడా రాయించుకోలేదు.

తరువాతి శనివారం అక్కడి మెకానిక్ ఒకరిని కూలికి మాట్లాడుకుని వెళ్లాను. దూరం నుంచి కారు కళ్లు చెదిరేలా ఉంది. మా ఫ్రిజ్ మీద ఉండే తిరుమల అయస్కాంతం బొమ్మను జేబులో వేసుకుని వెళ్లాను. తలుపు మీద, పైకప్పు మీద పెడితే గట్టిగా పట్టుకుంది. వెనుక చక్రం పైన పెట్టాను, జారి నా అరచేతిలో పడింది. రెండు జానల మేర ఎక్కడ పెట్టినా అంతే. అసలు ఉక్కు రేకును కోసేసి, ఫైబర్ మడ్‌గార్డులను రివెట్లతో బిగించి, సందులను పుట్టీతో నింపి రంగు వేశారు. చక్రం లోపలి వైపు నుంచి మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో తట్టగానే తుప్పు పొరలు పొరలుగా రాలింది. వెనుక భాగం ఎత్తును దానంతటదే సరిచేసుకునే అసలు సస్పెన్షన్ కనిపించలేదు, మామూలు స్ప్రింగులు ఉన్నాయి. కారు నడుపుతున్న ఇరవై నిమిషాలూ ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు ముల్లు కదలనే లేదు. వెనక వైరే లేదని తరువాత తెలిసింది.

ఇక అసలు ఇంజన్. షెడ్డు మూలన నీలం టార్పాలిన్ కింద చెక్క పలక మీద ఉంది. కప్పు తీయడానికి ఆయన ఇష్టపడలేదు, నేనే తీశాను. ఒకవైపు సిలిండర్లను పైనుంచి మూసే సిలిండర్ హెడ్ లేదు. కె-జెట్రానిక్ ఇంధన వ్యవస్థ భాగాలు ఒక్కటీ లేవు. ఆరు సిలిండర్లు పైకి తెరుచుకుని ఉన్నాయి, వాటిలో ఒకదాని నిండా ఎండిన ఎలుక గూడు. ఆయన చూపించిన పాత కాగితాల్లో ఉన్న ఇంజన్ నంబరు ఒకటి, బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజన్ ప్రధాన భాగం) మీద చెక్కి ఉన్నది మరొకటి. అంటే అది ఈ కారు ఇంజనే కాదు.

కాలిఫోర్నియాలో ఉన్నవారు మరీ జాగ్రత్తగా చూసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఇక్కడ 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లకు పొగ పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. ఇంజన్ మార్చిన కారైతే, ఎక్కించిన ఇంజన్ ఆ కారు తయారైన సంవత్సరానిదో, ఆ తరువాతిదో అయి ఉండాలి. ఆ ఇంజన్‌తో వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ ఉండాలి. రిఫరీ అనే అధికారిక పరీక్షకుడు చూసి ఆమోదించాలి. ఈ కారులోని షెవర్లే బ్లాకు వెనుక పోతపోసిన నంబరును బట్టి అది 1970ల తొలినాళ్లదని మెకానిక్ తేల్చాడు, పైన ఒకే ఒక్క కార్బురేటర్. అది మా దగ్గర రిజిస్టరు కాదు. ఇదే కారును కాలిఫోర్నియాలోనే ఎవరైనా అమ్మితే పొగ పరీక్ష పత్రం ఇవ్వవలసిన బాధ్యత అమ్మేవారిది. బయటి రాష్ట్రం నుంచి కొని తెచ్చుకుంటే ఆ తలనొప్పంతా మనదే. కొనేవాడిది ఏ రాష్ట్రమో ఆయన మొదటి మాటలోనే ఎందుకు అడిగాడో నాకు అప్పుడు అర్థమైంది.

వద్దని అక్కడే చెప్పేశాను. బయానా అడిగితే, నా కోసం మరో బేరం వదులుకున్నాననీ, అది దానికే సరిపోయిందనీ అన్నాడు. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకులో అభ్యంతరం తెలిపేవాణ్ణి. నేరుగా బదిలీ చేసిన డబ్బును వెనక్కి రప్పించలేమని మా బ్యాంకు తేల్చి చెప్పింది. చివరికి లాయరు చేత ఉత్తరం రాయించాక 1,500 డాలర్లు తిరిగి వచ్చాయి, మిగతా 2,500 రాలేదు.

పోయిన వారం ఆ కారు ప్రకటన మళ్లీ కనిపించింది. ధర 3,000 డాలర్లు పెరిగింది, వెనుక చక్రాలు కనిపించని కోణాల్లో కొత్త ఫొటోలు పెట్టారు. అసలు ఇంజన్ కారుతోపాటు వస్తుందన్న వాక్యం అలాగే ఉంది, దాని కింద నీలం టార్పాలిన్ ఫొటో కూడా అలాగే ఉంది. ఆయనతో ఎవరైనా మాట్లాడుతుంటే, ఆ కప్పు తీసి బ్లాకు మీది నంబరును దగ్గర నుంచి ఫొటో తీసి పంపమని ముందుగా అడగండి.