ఫ్లోరిడాలో పాత ఇంటికి ఇన్సూరెన్స్: ఫోర్ పాయింటా, విండ్ మిటిగేషనా, పూర్తి ఇన్‌స్పెక్షనా? ఏది మేలు?

టాంపాలోనో జాక్సన్‌విల్‌లోనో పాత ఇల్లు కొనేవాళ్లను ఇన్సూరెన్స్ ఏజెంటు ముందుగా అడిగేది ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారని. 20 ఏళ్లు దాటిందని తెలిస్తే "ఫోర్ పాయింట్ పంపండి, విండ్ మిట్ ఉంటే అదీ పంపండి" అంటారు. మొదటిది కప్పు, కరెంటు లాంటి నాలుగింటి తనిఖీ రిపోర్టు, రెండోది (విండ్ మిటిగేషన్) తుపాను గాలికి ఇల్లు ఎంత తట్టుకుంటుందో చెప్పే రిపోర్టు. కొనేముందు ఇన్‌స్పెక్షన్ చేయించాం కదా, ఆ రిపోర్టు చాలదా అని మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. చాలదు. ఈ మూడూ వేర్వేరు, ఒకదాని పని ఇంకోటి చేయదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 2002కు ముందు కట్టిన ఇల్లు కొంటుంటే మూడూ చేయించండి, వీలైతే ఒకే ఇన్‌స్పెక్టర్‌తో ఒకే రోజు. అలా చేస్తే ఖర్చూ కలిసొస్తుంది. అదే ఇంట్లో ఇప్పటికే ఉంటూ, పాలసీ సజావుగా నడుస్తుంటే, డబ్బు పెట్టాల్సింది విండ్ మిటిగేషన్ మీద. కంపెనీ అడగనిదే ఫోర్ పాయింట్ జోలికి వెళ్లనక్కర్లేదు.

ఫోర్ పాయింట్ అంటే కప్పు, కరెంటు, ప్లంబింగ్, ఏసీ. ఇది కంపెనీ కోసం చేసే తనిఖీ. వేరే ఎక్కడా పాలసీ దొరకనివాళ్ల కోసం రాష్ట్రం ఏర్పాటు చేసిన సిటిజెన్స్ అనే ఇన్సూరెన్స్ సంస్థ కూడా 20 ఏళ్లు దాటిన ఇంటికి దీన్ని అడుగుతుంది. ఇన్‌స్పెక్టర్ కరెంటు ప్యానెల్ మూత విప్పి లోపల ఫొటో తీస్తాడు. అక్కడ ఫెడరల్ పసిఫిక్ అనో జిన్స్‌కో అనో, అగ్నిప్రమాదాలకు పేరుపడ్డ పాత బ్రాండ్ల పేరు కనిపిస్తే చాలా కంపెనీలు ప్యానెల్ మార్చేదాకా పాలసీ ఇవ్వవు. సింకుల కింద, వాటర్ హీటర్ దగ్గర పైపులు చూస్తాడు. 1978 నుంచి 1995 దాకా విరివిగా వాడిన పాలీబ్యూటిలీన్ అనే ప్లాస్టిక్ పైపులు ఉంటే అదీ చిక్కే. 1960ల చివర, 70ల మొదట్లో కట్టిన ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ గురించి అడుగుతారు. ఇంత చూసినా ఈ రిపోర్టు వల్ల మామూలుగా ప్రీమియం తగ్గదు. పాలసీ ఇవ్వొచ్చా లేదా అన్నంతవరకే దీని పని.

కప్పు విషయంలో చట్టం కొంత మన పక్షాన ఉంది. 2022లో వచ్చిన మార్పు ప్రకారం, కప్పు వయసు 15 ఏళ్ల లోపు ఉంటే కేవలం ఆ వయసు చూపించి పాలసీ నిరాకరించకూడదు. 15 దాటినా, ఇంకా కనీసం 5 ఏళ్లు పనికొస్తుందని అర్హుడైన ఇన్‌స్పెక్టర్ రాసిస్తే వయసొక్కటే సాకుగా చూపలేరు. ఏజెంటు "మీ కప్పు పాతది" అని తోసిపుచ్చితే ఈ సంగతి గట్టిగా అడగండి.

విండ్ మిటిగేషన్‌ది వేరే కథ. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాను ఊడ్చేశాక గాలికి తట్టుకునే కట్టడం మీద రాష్ట్రం దృష్టి పెట్టింది. 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ వచ్చింది. గాలికి తట్టుకునే ఏర్పాట్లు ఇంట్లో ఉన్నాయని తేలితే ప్రీమియంలో తుపాను గాలి భాగం మీద కంపెనీలు తగ్గింపు ఇచ్చి తీరాలి. అది రుజువు చేసే ఫారమ్ సాధారణంగా 5 ఏళ్లు చెల్లుతుంది, ఇంట్లో ఏమీ మార్చనంతవరకు.

అసలు డబ్బంతా అటక మీద ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ టార్చి పట్టుకుని పాకుతూ వెళ్లి, ట్రస్ (కప్పును మోసే చెక్క చట్రం) గోడను కలిసే చోట ఏముందో చూస్తాడు. ఏటవాలుగా కొట్టిన మేకులు మాత్రమే ఉంటే తగ్గింపు లేదు. ఇనప క్లిప్ ఉంటే కొంత, ట్రస్ మీదుగా తిరిగొచ్చే పట్టీ ఉంటే ఇంకొంత ఎక్కువ. అయితే క్లిప్‌ను ట్రస్‌కు బిగించిన మేకులు కనీసం మూడు ఉండాలి. కొన్ని పాత ఇళ్లలో క్లిప్పులుంటాయి, మేకులు రెండే ఉంటాయి. అప్పుడు క్లిప్ ఉన్నా లేనట్టే రాస్తారు. అందుబాటులో ఉన్నచోట మూడో మేకు కొట్టించి మళ్లీ తనిఖీ చేయిస్తే ఏటా కలిసొస్తుంది. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఇంటి మరమ్మతుల్లో ఇంకెక్కడా నేను చూడలేదు. తలుపులు కిటికీలకు మాత్రం నియమం కఠినం. అన్ని అద్దాలకూ షట్టర్లు వేసి కప్పులోని ఒక్క స్కైలైట్ అద్దం వదిలేసినా కిటికీల రక్షణకు వచ్చే పూర్తి తగ్గింపు పోతుంది.

పూర్తి ఇన్‌స్పెక్షన్ మీకోసం. పునాది, గోడలు, తేమ, డ్రైనేజీ పైవాటిలో రావు. ఖర్చు కొన్ని వందల డాలర్లు, మిగతా రెండూ ఒక్కోటి సుమారు వంద, ఆ పైన. కొన్ని వందలు మిగులుతాయని కొనేవాళ్లు దీన్ని మానేయడం నాకు అస్సలు నచ్చదు. చెదపురుగుల తనిఖీ కూడా వేరే.

1985 నాటి ఇల్లు, 2009లో వేసిన కప్పు అనుకుందాం. పైపుల కాలం అనుమానాస్పదం, కప్పు 15 దాటింది, కాబట్టి ఫోర్ పాయింట్‌లో చిక్కు రావచ్చు. అదే ఇంటికి విండ్ మిటిగేషన్‌లో 2002 తరువాతి కోడ్ ప్రకారం వేసిన కప్పుగా మంచి మార్కులు పడొచ్చు. అందుకు సాధారణంగా కౌంటీ లేదా సిటీ ఇచ్చిన పర్మిట్ చూపించాలి. వాళ్ల వెబ్‌సైట్‌లో చిరునామా కొట్టి పర్మిట్ తేదీ వెతికి, ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి సిద్ధంగా పెట్టుకోండి.

సొంతింట్లోనే ఉంటున్నవాళ్లు మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ పథకం కూడా చూడాలి. నిధులున్నప్పుడు అర్హులకు గాలి తనిఖీ ఉచితంగా చేస్తారు, మనం పెట్టే ప్రతి డాలరుకు 2 డాలర్ల చొప్పున 10,000 డాలర్ల దాకా సాయమూ ఉంది. వరద ఈ మూడింటిలో దేనికిందా రాదు, దానికి పాలసీ విడిగా తీసుకోవాలి.

కొనేవాళ్లకు సమయం ముఖ్యం. ఫ్లోరిడాలో ఎక్కువగా వాడే "యాజ్ ఈజ్" (ఇల్లు ఉన్నది ఉన్నట్టు కొనే) ఒప్పందంలో గడువు విడిగా రాసుకోకపోతే తనిఖీకి 15 రోజులే. మొదటి వారంలోనే రిపోర్టులు ఏజెంటుకు పంపి, ప్రీమియం అంకె రాతపూర్వకంగా తెప్పించుకోండి. అంకె భరించలేనిదైతే ఆ గడువులోపే ఒప్పందం రద్దు చేసుకుంటే అడ్వాన్సు తిరిగొస్తుంది.