పెట్టె మీద 48 వోల్టులు, లోపల పన్నెండు: హోమ్ స్టూడియో కిట్ కొనేవాళ్ళు జాగ్రత్త

పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం వైపు ఇంట్లో పాటలు రికార్డు చేసేవాళ్ళు ఎవరైనా బరంపురం వెళ్ళి ‘స్టూడియో కిట్’ కొందామనుకుంటుంటే కాస్త ఆగి ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి పెట్టెలు ఒక్క షాపులోనే అమ్ముతారని నేననుకోను.

మా అమ్మకు దంపుళ్ళ పాటలు చాలా వచ్చు. రాయగడలో ఉండే మా బావమరిది “బావా, అత్తయ్య గొంతు ఒక్కటే శుభ్రంగా పంపించు, కింద బీట్ నేను వేస్తాను” అన్నాడు. దాంతో 4,200 పెట్టి కిట్ తెచ్చాను. కండెన్సర్ మైకు, స్టాండు, పాప్ ఫిల్టర్, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ప్లగ్గుకి పెట్టే ఫాంటమ్ పవర్ పెట్టె (కండెన్సర్ మైకు పనిచేయడానికి కావలసిన కరెంటును మైకు వైరు ద్వారానే పంపేది). ఇచ్చింది కచ్చా రసీదు.

రాత్రి వీధి సద్దుమణిగాక ఫ్యాను ఆపి, గోడలకు బొంతలు కట్టి, అమ్మ చేత నాలుగు పాటలు పాడించాను. చెమటలు కారుతున్నా ఆవిడ ఒక్క మాట అనలేదు. హెడ్‌ఫోన్స్‌లో గుయ్‌మని వినిపిస్తూనే ఉంది, తర్వాత తీసేయొచ్చులే అనుకున్నాను. తీయలేకపోయాను. నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే అమ్మ పలికే స, శ అక్షరాలు నీళ్ళలోంచి వచ్చినట్టు అయిపోయాయి, తక్కువ వేస్తే రొద అలాగే ఉంది. పైగా రీమిక్స్‌లో గొంతు బీట్ మీద నిలబడాలంటే కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులను సమం చేసేది) వెయ్యాలి కదా, పది డెసిబెల్స్ నొక్కి మళ్ళీ పది పెంచితే మాటల మధ్య ఉన్న రొద కూడా ఆ పదీ పెరుగుతుంది. కరెంటు గుయ్ 50 హెర్ట్జ్ దగ్గర మాత్రమే ఉంటే ఫిల్టర్ పెట్టి కోసేయొచ్చు, కానీ అది 100, 150, 200 దగ్గర కూడా పలుకుతుంది, అమ్మ గొంతు ఉండేదీ అక్కడే.

మా వీధిలో సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే అబ్బాయి మల్టీమీటర్ తెచ్చి ఫాంటమ్ పెట్టె కొలిచాడు. ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల మైకు సాకెట్‌లో ఒకటో పిన్నుకీ రెండో పిన్నుకీ మధ్య, ఒకటికీ మూడుకీ మధ్య 48 వోల్టులు చూపించాలి, నాలుగు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మాది 12 దగ్గర ఆగిపోయింది, అంటే మైకుకు కావలసినంత కరెంటు అందడం లేదు. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో 48! సౌండ్ కార్డు డబ్బా మీద రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అని ఉంటే కంప్యూటర్‌లో 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాటి కనిపించలేదు.

వెనక్కి తీసుకెళ్తే షాపాయన “బాబూ, మీ గదిలోనే ప్రాబ్లమ్” అన్నాడు. మీటర్ చూపిస్తే “ఇది ఓపెన్ చేసిన మాల్, రిటర్న్ లేదు” అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులో మాట్లాడారు, మొదట అడిగింది బిల్లే.

కాబట్టి జీఎస్టీ బిల్లు లేకుండా కొనకండి. డబ్బులిచ్చే ముందే షాపులో మీటర్‌తో కొలిపించండి, మైకు పెట్టి అర నిమిషం ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఫాంటమ్ పెట్టె కూడా లేకుండా మైకు వైరును నేరుగా కంప్యూటర్ మైకు రంధ్రంలో పెట్టుకోమనే కిట్లు ఇంకా అన్యాయం, అక్కడ వచ్చేది రెండు మూడు వోల్టులే. ఇంట్లో ఫ్యాన్లు, వీధి చప్పుడు ఎక్కువగా ఉంటే డైనమిక్ మైకు చాలు, దానికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, నోటికి దగ్గరగా పెట్టుకుని పాడితే సరి.

ఆ అబ్బాయి దగ్గరే ఒక పాత డైనమిక్ మైకు అడిగి తెచ్చి మొన్న మళ్ళీ పాడించాను. మూడు పాటలు బాగా వచ్చాయి. నాలుగోది అమ్మకు జలుబు తగ్గాక పాడిస్తాను.