ఎన్నిసార్లు పిలవాలి? వీల్‌చెయిర్‌లో లండన్, పారిస్, బార్సిలోనా

ముందు నా కొలతలు చెప్పేస్తాను, లేకపోతే నా మెప్పులూ తిట్లూ మీకు పనికిరావు. నాది చేత్తో తోసుకునే వీల్‌చెయిర్, వెడల్పు 63 సెంటీమీటర్లు. చదునైన నేల మీద ఎవరి సాయమూ అక్కర్లేదు. ఒక మెట్టు అడ్డొస్తే తమ్ముడు కుర్చీని వెనక్కి వాల్చి ఎక్కించేస్తాడు. మూడు మెట్లుంటే నేనే వద్దంటాను. వాడి నడుము నాకు ఇంకా చాలా ఊళ్లకు కావాలి.

ఏ ఊరినైనా నేను తూకం వేసేది ఒకటే ప్రశ్నతో: లోపలికి పోవడానికి ఎన్నిసార్లు ఒకరిని పిలవాల్సి వచ్చింది? ర్యాంపు ఉందా లేదా అన్నది ఆ తర్వాతి మాట. ర్యాంపు గదిలో ఉండి, గది తాళంచెవి భోజనానికి వెళ్లిన మనిషి జేబులో ఉంటే, ఆ ర్యాంపు ఉన్నట్టా లేనట్టా?

విమానం సంగతి రెండు ముక్కల్లో. ఈ మూడు ఊళ్లలోనూ విమానాశ్రయంలో సాయానికి డబ్బు తీసుకోరు, కనీసం 48 గంటల ముందు చెప్పి ఉంచాలి. దిగేటప్పుడు మన కుర్చీ విమానం తలుపు దగ్గరికే రావాలని టికెట్ కొన్న రోజే రాయించుకోండి. అలా చెప్పకపోతే అది పెట్టెలతో పాటు బెల్టు మీదికి పోతుంది, మనల్ని వాళ్ల కుర్చీలో కూలేసి ఏ గోడ పక్కనో నిలబెడతారు.

లండన్‌లో నాకు బాగా నచ్చింది బస్సు. మధ్య తలుపు పక్కన వీల్‌చెయిర్ గుర్తున్న బటన్ నొక్కితే చాలు, కీచుకీచుమంటూ ర్యాంపు దానంతటదే బయటికి వస్తుంది. డ్రైవరు సీటు దిగి రానక్కర్లేదు. లోపల దిండులాంటి పలకకు వీపు ఆనించి, వెనక్కి తిరిగి కూర్చోవాలి. మొదట్లో కడుపులో తిప్పినట్టుంది, తర్వాత అలవాటైంది. వీల్‌చెయిర్ వాళ్లకు ఈ బస్సుల్లో టికెట్ అక్కర్లేదు. అయితే బస్సుకు చోటు ఒక్కటే, ఆ చోటు మీద పసిపిల్లల బళ్లు తోసుకొచ్చే తల్లులకూ కన్ను ఉంటుంది. ఈ గొడవ ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డగ్ పాలీ అనే వీల్‌చెయిర్ ప్రయాణికుడు, పిల్లల బండి జరపనందువల్ల 2012లో బస్సు ఎక్కలేకపోయి కేసు వేశాడు. 2017లో తీర్పొచ్చింది: డ్రైవరు ఊరికే ఒక మాట అడిగి వదిలేస్తే సరిపోదు, ఇంకాస్త గట్టిగా ప్రయత్నించాలి అని. తల్లిని దించేయాలని మాత్రం కోర్టు అనలేదు. నేనెక్కిన ఒక బస్సులో డ్రైవరు మైకులో రెండోసారి కాస్త గొంతు పెంచి చెప్పాడు, బండి మడిచారు. నాకు దక్కాల్సిన చోటే అయినా, ఆ నిమిషంలో అందరూ నావైపు చూసిన చూపు మాత్రం ఉచితంగా రాలేదు.

భూగర్భ రైలు వేరే కథ. 1863లో మొదలైన వ్యవస్థ అది. 272 స్టేషన్లలో మెట్లు లేకుండా ప్లాట్‌ఫారం దాకా వెళ్లగలిగేవి మూడోవంతు ఉంటాయి. మ్యాపులో వీల్‌చెయిర్ గుర్తు రెండు రంగుల్లో ఉంటుంది, ఆ తేడా తెలియకపోతే మోసపోతాం. నీలం రంగుదైతే వీధి నుంచి రైలు లోపలి దాకా మెట్టు లేదు. తెల్లదైతే ప్లాట్‌ఫారం వరకే హామీ, అక్కడి నుంచి రైలుకు మధ్య సందూ ఎత్తూ మన అదృష్టం. ఆ సందు చూసుకోండి అంటూ మైకులో వచ్చే హెచ్చరిక లోకానికంతటికీ తెలుసు. చక్రాల మీదున్న వాళ్లు చూసుకుని ఏం చేయాలో మాత్రం అందులో చెప్పరు. 2022లో తెరిచిన ఎలిజబెత్ లైను నడిమధ్య భాగంలో ప్లాట్‌ఫారమూ రైలు గడపా ఒకే ఎత్తు. అక్కడ నేను ఎవరినీ పిలవలేదు, ఎవరూ నన్ను పట్టించుకోలేదు. అంతకన్నా సుఖం ఏముంటుంది!

నల్ల ట్యాక్సీలన్నిట్లోనూ ర్యాంపు ఉంటుంది. వీల్‌చెయిర్ ఉందని ఎక్కువ అడగడం చట్టరీత్యా కుదరదు. ఖరీదైనవే, వాన రాత్రి మాత్రం రుణపడిపోయాను.

టేట్ మోడర్న్ అనే కళా మ్యూజియం పాత విద్యుత్ కేంద్రంలో పెట్టారు. దాని పడమటి వాకిలే ఒక పెద్ద వాలు. జనమంతా ఆ వాలు మీదుగానే టర్బైన్ హాల్లోకి దిగుతారు: బడిపిల్లలు, ముసలివాళ్లు, సైకిల్ బూట్లవాళ్లు, నేను. పక్కవాకిలి లేదు, బాణం గుర్తు లేదు, వికలాంగులకు ఇటు అనే బోర్డూ లేదు. తమ్ముడు వెనక చేతులు కట్టుకుని నడిచొచ్చాడు, కుర్చీ తోయలేదన్న సంగతి వాడికే సగం దిగాక తట్టింది. బ్రిటిష్ మ్యూజియంలో ముందు మెట్లకు రెండు పక్కలా మనమే నడుపుకునే లిఫ్టులున్నాయి. బాగానే ఉన్నాయి గానీ జనం మెట్లెక్కుతుంటే అంచున నెమ్మదిగా పైకి లేవడం కాస్త ఊరేగింపులా ఉంటుంది. అక్కడ చూపు లేనివాళ్లు ఈజిప్టు శిల్పాల్లో కొన్నిటిని చేత్తో తడిమి చూడవచ్చు. గాజు పెట్టె వెనకాల ఉన్నదాన్ని కళ్లతో చూసొచ్చిన నాకంటే, నల్లరాతి మీద వేళ్లు ఆనించి తీరిగ్గా నిలబడ్డ పెద్దమనిషికే ఆ గది ఎక్కువ దక్కిందనిపించింది.

ఇంకో చిన్న వస్తువు గురించి చెప్పాలి. రోడ్డు దాటే చోట బటన్ ఉన్న పెట్టె అడుగున చెయ్యి పెడితే, వేలి కొసంత గరుకు బొడిపె తగులుతుంది. నడిచేవాళ్లకు పచ్చలైటు పడగానే అది గిర్రున తిరుగుతుంది. చూపూ వినికిడీ రెండూ లేని మనిషికి కూడా దాటవచ్చని తెలుస్తుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్న మా స్నేహితులకు అలాంటిదొకటి ఉందనే తెలియదు. మేం చూపించాక ప్రతి కూడలిలోనూ తడమడం మొదలుపెట్టారు.

మరుగుదొడ్ల సంగతి రాయకుండా ఏ వీల్‌చెయిర్ యాత్రా పూర్తికాదు. బ్రిటన్‌లో 1981 నుంచీ ఒకే తాళంచెవి పథకం ఉంది. రాడార్ కీ అంటారు. ఒక్క చెవితో దేశమంతటా వేల మరుగుదొడ్లు తెరుచుకుంటాయి. వెళ్లగానే కొనుక్కోండి, కాపలా మనిషి కోసం వెతుకులాట తప్పుతుంది. కుర్చీలోంచి లేవలేని పెద్దవాళ్లకు పడుకోబెట్టే బల్లా, పైకెత్తే యంత్రమూ ఉండే ఛేంజింగ్ ప్లేసెస్ అనే పెద్ద గదులు వేరే ఉన్నాయి. నాకు అవసరం పడలేదు గానీ అవసరమున్న కుటుంబాలు ప్రయాణం దారినే వాటిని బట్టి గీసుకుంటాయట.

మా హోటల్లో బాత్‌రూమ్ దాదాపు కుట్టించినట్టే కుదిరింది: గడప లేదు, షవరు కింద మడిచే కుర్చీ, కమోడుకు రెండు వైపులా పట్టుకునే కడ్డీలు. పడిపోతే లాగడానికి ఎర్ర తాడు కూడా ఉంది. కాకపోతే దాన్ని ముడివేసి భుజం ఎత్తున కట్టేశారు. నేల మీద పడ్డవాళ్లకు అందాల్సిన తాడు అది! కిందికి చెబితే, తుడిచేటప్పుడు అడ్డొస్తోందని కడతారండీ అంది రిసెప్షన్ అమ్మాయి. ముడి విప్పుకున్నాం. మర్నాడు గది శుభ్రం చేశాక మళ్లీ ముడి. ఇలాంటివి ఏ తనిఖీ పుస్తకంలోనూ కనిపించవు, ఎందుకంటే తాడు ఉంది కదా, టిక్కు పడుతుంది.

లండన్ నుంచి పారిస్‌కు వెళ్లే యూరోస్టార్ రైల్లో వీల్‌చెయిర్ చోట్లు పైతరగతి పెట్టెలో ఉంటాయి, టికెట్ మాత్రం తక్కువ ధరకే, తోడొచ్చిన ఒకరికి కూడా. సిబ్బంది ర్యాంపు తెచ్చి ఎక్కించారు, పారిస్‌లో ర్యాంపుతో ఎదురుచూశారు. ఆ మర్యాద స్టేషన్ గడప దాటేవరకే.

పారిస్ మెట్రో 1900లో మొదలైంది. మొదటి నుంచి చివరి దాకా వీల్‌చెయిర్‌తో వాడుకోగలిగే లైను ఒక్కటే, 14వది. 1998లో కట్టింది కాబట్టి అలా కట్టారు. మిగతావాటి మ్యాపు నాకు గోడకు తగిలించుకునే బొమ్మ మాత్రమే. 2024 పారాలింపిక్స్ ఇక్కడే జరిగాయి, ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన క్రీడాకారులను కాంకర్డ్ కూడలిలో ఊరేగించారు, మెట్రో మెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. బహిరంగ స్థలాలన్నీ పదేళ్లలో అందరికీ అందుబాటులోకి రావాలని ఫ్రాన్స్ 2005లోనే చట్టం చేసింది. ఆ గడువు తీరకముందే దాన్ని పొడిగించుకుంది.

దానికి బదులుగా అన్నట్టు మ్యూజియాల్లో మనకూ తోడొచ్చిన మనిషికీ ప్రవేశం ఉచితం. లూవ్ర్‌లో వరస కూడా తప్పిస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ మ్యూజియం వరమిస్తుంది, మెట్రో ఇవ్వదు. నిజం చెప్పనా, నేను పూర్తి టికెట్ కొనుక్కుని అందరితో పాటు మెట్రోలో రావడానికి సిద్ధం.

అయినా లూవ్ర్ లిఫ్టును మాత్రం తిట్టలేను. గాజు పిరమిడ్ కింద గుండ్రంగా తిరిగే మెట్లున్నాయి, ఆ సుడి నడిమధ్యలో పైకప్పు లేని స్తంభంలాంటి వేదిక ఉంది. దాని మీద కూర్చుంటే మెత్తగా, చప్పుడు లేకుండా కిందికి కుంగుతుంది. చుట్టూ మెట్లు దిగేవాళ్లు ఆగి ఫోటోలు తీస్తుంటారు. బ్రిటిష్ మ్యూజియంలో ఊరేగింపులా ఉందని విసుక్కున్నది నేనే, ఇక్కడ మురిసిపోయిందీ నేనే. ఎందుకని ఆలోచిస్తే, అక్కడిది తర్వాత తగిలించిన సదుపాయం. ఇక్కడ మొత్తం హాలుకు అదే అందం, మెట్లే దాని చుట్టూ తిరుగుతాయి. "అక్కా, నన్నూ ఎక్కనిస్తారా?" అని తమ్ముడు అడిగాడు. తోడు కాబట్టి ఎక్కనిచ్చారు.

ఐఫెల్ టవర్‌లో రెండో అంతస్తు దాకానే మనకు అనుమతి, శిఖరం లేదు. అది ముందే రాసి పెడతారు కాబట్టి నాకు కోపం లేదు. ఊరు తిరగడానికి బస్సులే దిక్కు. ర్యాంపు మధ్య తలుపులోంచి వస్తుంది, లండన్ కన్నా ఇరుకు, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అయితే మాత్రం మానుకోండి.

బస మాత్రం పారిస్‌లోనే దెబ్బకొట్టింది. అందుబాటు గది అని బుకింగ్ పేజీలో గుర్తు పెట్టిన చిన్న హోటల్. గది నిజంగానే విశాలం. గదికి తీసుకెళ్లే లిఫ్టు తలుపు నా కుర్చీ కన్నా సన్నం. పాత భవనం మేడం, ఏం చేయగలం, అని భుజాలెగరేశాడు మేనేజరు. డబ్బు వెనక్కి ఇచ్చాడు, అదొక్కటే మంచి. చీకటి పడ్డాక వేరే గది వెతుక్కోవడంలో పోయిన ఓపిక ఎవరిస్తారు? ఇప్పుడు నేను అందుబాటు అనే మాటను నమ్మను. వీధి తలుపు, లిఫ్టు, గది, బాత్‌రూమ్, నాలుగు చోట్లా తలుపు వెడల్పు సెంటీమీటర్లలో రాయమంటాను, బాత్‌రూమ్ ఫోటో అడుగుతాను. జవాబు అంకెల్లో రాకపోతే ఆ హోటల్ వదిలేస్తాను.

బార్సిలోనాకు టీజీవీ అనే ఫ్రెంచి వేగ రైల్లో వెళ్లాం. రెండో తరగతి టికెట్టుతో వీల్‌చెయిర్‌కు మొదటి తరగతి పెట్టెలో చోటిస్తారు. సాయం కావాలని ఒకరోజు ముందు చెప్పాలి. చక్రాల లిఫ్టు తోసుకొచ్చి ఎక్కించారు.

ఇక్కడ మెట్రోలో లిఫ్టు లేని స్టేషన్లనే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1992లో ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ ఇక్కడ జరిగాయి, సముద్రతీరాన్ని పాత కర్మాగారాల నుంచి విడిపించి ఊరికి ఇచ్చారు. స్పెయిన్‌లో చూపు లేనివాళ్ల సంస్థ ఓన్సే 1938 నుంచీ ఉంది, లాటరీ అమ్మకాలతో నడుస్తుంది, వీధి మలుపుల్లో దాని బూత్‌లు కనిపిస్తాయి. ఆ సంస్థ వాళ్లదే ఇలూనియన్ అనే హోటళ్ల వరస. అక్కడ దిగాం. బట్టల కడ్డీ నాకు అందే ఎత్తులో ఉంది. అంతే, అంతకన్నా పొగడను, అంతకన్నా అడగను కూడా.

నోవా ఇకారియా బీచ్‌లో వేసవి నెలల్లో సముద్రస్నానానికి సాయం చేసే ఏర్పాటుంది. ఇసుక మీద చెక్కబాట వేసి ఉంది. బాట చివర నీడలో, లావు టైర్లూ తేలే చేతులూ ఉన్న కుర్చీలు. ఒక చిన్న క్రేను పట్టీలో నన్ను నా కుర్చీలోంచి దాన్లోకి మార్చింది. ఇద్దరు కుర్రాళ్లు నీళ్లలోకి నడిపించారు. మొదటి అల మోకాళ్ల మీదికి వచ్చింది, రెండోది ఒళ్లోకి, మూడోదానికి కుర్చీ నేల వదిలేసి తేలింది. వెనక పట్టుకున్న కుర్రాడు ఏదో అన్నాడు, భాష తెలియలేదు, చేతులు విప్పమంటున్నాడని సైగతో అర్థమైంది. విప్పాను.

నా ప్రశ్న ప్రకారం అయితే ఇది సున్నా మార్కుల చోటు. ఇద్దరు మనుషులు లేనిదే ఒక్క అడుగు పడదు. కానీ వాళ్లు ఆ పనికే అక్కడున్నారు. ఎవరి భోజనమూ ఆపలేదు, ఎవరి బండీ మడిపించలేదు. నా ముందు వరసలో ఉన్న ముసలాయన రోజూ వస్తాడని, వాళ్లు ఆయన్ను పేరు పెట్టి పిలవడాన్ని బట్టే తెలిసింది. అంటే ప్రశ్నకు ఒక సవరణ కావాలి: ఎన్నిసార్లు పిలిచామన్నదే కాక, పిలిస్తే ఎవరి పని చెడిందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సగ్రడా ఫామిలియా చర్చి లోపల చదునే, శిఖరాలకు మాత్రం మనల్ని పోనివ్వరు. కొండ మీది తోట పార్క్ గ్వెల్ వాలు మహా వాలు, బలమైన తమ్ముడుంటేనే వెళ్లండి. మా వాడు మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు.

వీల్‌చెయిర్‌తో మొదటిసారి దేశం దాటేవాళ్లు బార్సిలోనాతో మొదలుపెట్టండి, ధైర్యం వస్తుంది. లండన్‌కు ఎక్కువ రోజులు ఉంచుకోండి, బస్సు ఆలస్యంగానే తీసుకెళ్తుంది. పారిస్‌కు నేను మళ్లీ వెళ్తాను. 2024లో 14వ లైనును ఓర్లీ విమానాశ్రయం దాకా పొడిగించారు. ఈసారి ఓర్లీలో దిగుతాను, గది ఆ లైను స్టేషన్ పక్కనే తీసుకుంటాను, లిఫ్టు తలుపు వెడల్పు అంకెల్లో రాసిచ్చాకే.