120 మీటర్లు ఎక్కడి నుంచి లెక్క? స్విట్జర్లాండ్‌లో చిన్న డ్రోన్‌తో

లౌటర్‌బ్రున్నెన్ అనే లోయ ఊళ్లో మేము దిగిన బస ప్రకటనలో అన్నిటికన్నా పెద్ద ఫోటో డ్రోన్‌తో తీసినదే. జలపాతం, చర్చి, పచ్చిక, అన్నీ పైనుంచి. దాని కింద ఒక వాక్యం: బాల్కనీ నుంచే డ్రోన్ ఎగరేసుకోవచ్చు. డాలస్‌లో ఉండే మా బావ ఆ వాక్యం చదివే గది తీసుకున్నారు. రోడ్డు వైపు గదులు రాత్రికి 214 ఫ్రాంకులకే ఉన్నా, ఈ బాల్కనీ గదికి 268 కట్టారు. గది శుభ్రం చేసినందుకు 90, కారు నిలిపినందుకు రోజుకు 15 ఫ్రాంకులు అదనం. అక్క, బావ అమెరికా నుంచి వచ్చారు. నేను, మా ఆవిడ, మాతో ఉండడానికి వచ్చిన నాన్న మ్యూనిక్ నుంచి కారులో బయలుదేరాం. దారి బాగానే సాగింది. చెప్పుకోవలసింది సరిహద్దు దగ్గర 40 ఫ్రాంకులు పెట్టి కొన్న హైవే స్టిక్కరు ఒక్కటే.

బావ గది తీసుకున్న తర్వాత నేను స్విస్ ప్రభుత్వం పెట్టిన డ్రోన్ మ్యాపు చూశాను. లౌటర్‌బ్రున్నెన్‌లో హెలిపోర్టు ఉంది. కొండల్లో దెబ్బ తగిలినవాళ్లను తీసుకురావడానికి హెలికాప్టర్లు ఎప్పుడు లేస్తాయో ఎవరికీ తెలియదు. దాని చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఇది చాలదన్నట్టు కొండ అంచుల మీద నుంచి పారాచూట్లతో దూకేవాళ్లు ఆ లోయ నిండా ఉంటారు. బస యజమానికి ఈ సంగతి రాస్తే, ‘ఏమీ పరవాలేదు, అందరూ ఎగరేస్తారు’ అని జవాబిచ్చాడు. గది రద్దు చేసుకునే గడువు అప్పటికే దాటిపోయింది.

తీరా వెళ్లి చూస్తే రిసెప్షన్ బల్ల మీద అడ్డగీత కొట్టిన డ్రోన్ బొమ్మ! ఇదేమిటని అడిగితే యజమాని తడుముకోకుండా, ‘ఎగరేస్తే మీ ఇష్టం, జరిమానా పడితే అది కూడా మీదే’ అన్నాడు. తేడా సొమ్ము తిరిగి ఇమ్మంటే, ‘మీరు కట్టింది బాల్కనీకి. బాల్కనీ ఉంది కదా’ అన్నాడు. ఉంది, కాదనను. దాని ఎదురుగా కార్లు నిలిపే స్థలం. ఎడమ చివర కటకటాల మీద వంగి మెడ తిప్పితే జలపాతంలో పై మూడో వంతు కనిపిస్తుంది. వంటగదిలో పొయ్యి పైన ఇంకో కాగితం అంటించారు: కూరలు వండితే వాసన పోగొట్టడానికి 100 ఫ్రాంకులు. నాన్న దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని, ‘కూర అంటే మన కూరేనా, వాళ్లదీనా?’ అని అడిగారు. ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం.

బావ అసలు కోపం బస మీద కాదు, నియమాల మీద. అమెరికాలో 250 గ్రాముల లోపు డ్రోన్‌ను సరదాకు ఎగరేసుకుంటే నమోదు అక్కర్లేదు. ఐరోపాలో అలా కుదరదు. పిల్లల బొమ్మగా అమ్మినది కాకపోతే, బరువు ఎంత తక్కువైనా కెమెరా ఉంటే ఎగరేసేవారు నమోదు చేసుకోవాలి. ఆ నమోదు సంఖ్యను డ్రోన్ మీద అతికించాలి. స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేకపోయినా 2023 జనవరి 1 నుంచి అవే నియమాలు పాటిస్తోంది. నేను జర్మనీలో 20 యూరోలు కట్టి నమోదు చేయించుకున్నాను, అక్కడ తప్పనిసరి కాబట్టి బీమా కూడా తీసుకున్నాను. బావ స్విస్ విమానయాన శాఖ సైటులో సణుక్కుంటూ ఫారం నింపారు. ‘249 గ్రాముల వస్తువుకు ఇంత పెళ్లి హడావుడి ఎందుకు?’ అన్నది ఆయన ప్రశ్న.

మర్నాడు ఆ లోయ వదిలేశాం. మ్యాపులో ఏ రంగూ లేని ఒక కొండవాలు పట్టుకున్నాం. దాని పేరు రాయను. రాస్తే వచ్చే వేసవికి అక్కడ కూడా బోర్డు పెడతారు.

ఎత్తు సంగతి నిజంగా అర్థమయ్యేది అలాంటి చోటే. నియమం ప్రకారం డ్రోన్ నేలకు 120 మీటర్లకు మించి దూరం పోకూడదు. నేల అంటే మనం నిలబడ్డ చోటు కాదు, డ్రోన్‌కు అతి దగ్గరగా ఉన్న నేల. కొండ ఎక్కుతూ పోతే ఆ లెక్క కూడా కొండతో పాటే పైకి జరుగుతుంది. డ్రోన్‌కు మాత్రం ఈ తెలివి లేదు. గాలి పీడనాన్ని బట్టి, తాను లేచిన చోటు నుంచి ఎంత పైకి వచ్చిందో అంతవరకే దానికి తెలుసు. నా డ్రోన్ ఐరోపాలో కొన్నది, 250 గ్రాముల లోపు తరగతికి అక్కడ వేసే సి-0 గుర్తు ఉన్నది. ఆ తరగతి డ్రోన్లు లేచిన చోటు నుంచి 120 మీటర్లు దాటి పైకి పోకుండా కంపెనీయే కట్టుదిట్టం చేసి అమ్మాలి.

వాలు అడుగున నిలబడి పైకి పంపాను. పైన ఉన్న గడ్డివాము దాకా పోవాలంటే సుమారు 200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. 120 దగ్గర ఆగిపోయింది. తెరమీద ‘గరిష్ఠ ఎత్తు’ అన్న హెచ్చరిక వచ్చింది. అదే తెరమీద కెమెరా చూపిస్తున్నదేమో రెక్కల గాలికి పడుకుని లేస్తున్న గడ్డిపూలు. నేలకు మూడు మీటర్ల పైన వేలాడుతూ, ఇక ఎక్కలేనంటోంది! పక్కనే బావ పాత డ్రోన్‌లో ఈ బిగింపు లేదు. ఎత్తు పరిమితి 500 పెట్టుకుని వాలు వెంటే, నేలకు 40 మీటర్లు దాటకుండా పోనిచ్చారు. ఆయన తెర 200 చూపించింది. నియమం అంగుళం కూడా దాటలేదు. బావ ముఖం అప్పుడు చూడాలి!

గడ్డివాము దాకా మేమే నడిచి వెళ్లాక లెక్క తలకిందులైంది. అక్కడి నుంచి బావ డ్రోన్‌ను సూటిగా లోయ మీదికి పంపబోయారు. తెరమీద ఎత్తు సున్నా ఉంటుంది, డ్రోన్ కిమ్మనదు. కింద నేల మాత్రం సుమారు 400 మీటర్ల లోతున ఉంది. అది చట్టవిరుద్ధం. నేను వద్దన్నాను. ‘సున్నా అని చూపిస్తుంటే ఎవరు పట్టుకుంటారు?’ అని బావ వాదించారు. వాదన నడుస్తుండగానే పసుపు రంగు పారాగ్లైడర్ ఒకటి మా కాళ్ల కింది ఎత్తులో, ఆయన పంపుతానన్న దారిలోనే పోయింది. డ్రోన్ సంచీలోకి వెళ్లింది. బావ రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి దిగిన ఇల్లు ఒక పెద్దావిడది. గది 142 ఫ్రాంకులు, పైన ఒక్క ఫ్రాంకు కూడా అడగలేదు. సంచీలో డ్రోన్ చూసి ఆమె చెప్పిన మాటలు ఏ మ్యాపులోనూ లేవు. పక్క మైదానం ఎవరిదో, వాళ్లను ముందు అడగాలని చెప్పింది. పొద్దున ఆవులు పాకలోకి వెళ్లాక ఎగరేయమంది, లేకపోతే చప్పుడుకు బెదిరి కంచె మీద పడతాయట. అడిగితే ఆ రైతు నవ్వి చేయి ఊపాడు, అంతే. రాత్రి భోజనం ఆల్ప్లర్‌మాగ్రోనెన్: మాకరోనీ, బంగాళాదుంప, జున్ను, పైన వేయించిన ఉల్లిపాయ, పక్కన ఆపిల్ గుజ్జు. మనిషికి 24 ఫ్రాంకులు. నాన్న అందులో ఆవకాయ కలిపారు. ఇంటి పెద్దావిడ ఆ సీసా వాసన చూసి, తన పళ్లెంలోనూ అర చెంచా వేయించుకుంది. బావ మళ్లీ మాట్లాడింది అప్పుడే.

స్విట్జర్లాండ్‌కు డ్రోన్ తెచ్చేవారు లౌటర్‌బ్రున్నెన్‌ను కళ్లతో చూసి వచ్చేయండి, అక్కడ బస ఎందుకూ అక్కర్లేదు. స్టౌబాక్ జలపాతం ఎత్తు 297 మీటర్లు. హెలిపోర్టు లేకపోయినా నా డ్రోన్ దాని సగానికి కూడా ఎక్కదు. లేచే చోటు వాలుకు మధ్యలో చూసుకోండి, పైకీ కిందికీ వీలు ఉంటుంది. ఒక దేశంలో పెట్టిన సెట్టింగును ఇంకో దేశంలో నమ్మకండి. థాయ్‌లాండ్‌లో పరిమితి 90 మీటర్లు, జపాన్‌లో 150. చైనాలో 2024 నుంచి 250 గ్రాముల లోపు వాటికి 50 మీటర్లే. మన దేశంలో పచ్చ మండలంలో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగులు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే.

ఇక్కడ చవకని, వచ్చేటప్పుడు ఒకటి తెమ్మని హైదరాబాద్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఇప్పటికీ ఫోను చేస్తూనే ఉన్నాడు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు, పరిశోధన, రక్షణ వంటి అవసరాలకే మినహాయింపు. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల ముందు పెట్టె తెరిచి పెళ్లి వీడియోల కోసమని చెప్పే ధైర్యం నాకు లేదు. వాడికి చాక్లెట్లు తెస్తాను.